కుక్కకు తోడుగా ఇంకో కుక్కను తేవాలా?

ప్రశ్న: మేం బడికి పోతే మా కుక్క ఇంటి దగ్గర దిగులుగా పడుకుంటుంది. ఆడుకోవడానికి ఇంకో కుక్కపిల్లను తెస్తే దాని దిగులు పోతుందా?

జవాబు: జగిత్యాలలోనైనా, కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా కుక్కను పెంచుకునే ఇంట్లో ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఎక్కువగా పిల్లలే అడుగుతారు. నోరు లేని జీవి మనసులో ఏముందో తెలుసుకోవాలన్న ఆరాటం ఆ ప్రశ్నలో ఉంది కాబట్టి దానికి ఓపికగా జవాబు చెప్పాలి. అవుననో కాదనో అనే ముందు ఆ దిగులు దేనికో తెలుసుకుందాం. కారణం తెలిస్తే ఏం చేయాలో దానంతట అదే తెలుస్తుంది.

అది నిజంగా దిగులేనా?

ఎదిగిన కుక్క రోజులో దాదాపు సగం నిద్రలోనో కునుకులోనో గడుపుతుంది. కాబట్టి గడపకు తల ఆనించి పడుకున్న ప్రతి కుక్కా దిగులుతో ఉందని అనుకోనక్కర్లేదు. మనం బడి నుంచి రాగానే లేచి ఒళ్లు విరుచుకుని, తోక ఊపుకుంటూ ఎదురొస్తే అది అప్పటిదాకా హాయిగా నిద్రపోయిందన్నమాట. పిలిచినా లేవకపోవడం, తిండి మానేయడం, ఇష్టమైన ఆటను కూడా పట్టించుకోకపోవడం మాత్రం వేరే సంగతి. పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జ్వరంలోనూ, కీళ్ల నొప్పుల్లోనూ కుక్క ఇలాగే ఉంటుంది. అటువంటప్పుడు కావలసింది తోడు కాదు, పశువుల డాక్టరు.

ఒంట్లో బాగానే ఉంది, అయినా దిగులుగానే ఉందంటే అది ఎవరి కోసమో చూడాలి.

ఎవరి కోసం ఎదురుచూస్తోంది?

జర్మనీలో బాన్ నగరం దగ్గర ఒబర్‌కాసెల్ అనే చోట 1914లో ఒక పాత సమాధి బయటపడింది. అందులో ఇద్దరు మనుషులతో పాటు కుక్క ఎముకలు కూడా ఉన్నాయి. అవి సుమారు 14,000 ఏళ్ల నాటివి. కుక్క మనిషి పంచన చేరి కనీసం అంతకాలమైంది. ఇన్ని తరాలుగా అది మన ముఖం, గొంతు, చేతి సైగ చూసి బతకడం నేర్చుకుంది. అందుకే చాలా కుక్కలకు మొదటి తోడు మనిషే. మనం తలుపు వేసి వెళ్లగానే ఏడ్చే కుక్క సాధారణంగా మన కోసమే ఏడుస్తుంది. దాని పక్కన ఇంకో కుక్కను ఉంచినా మనం లేని లోటు తీరదు. ఒక్కోసారి కొత్తది కూడా పాతదాన్ని చూసి అరవడం నేర్చుకుంటుంది.

ఇది తేల్చుకోవడానికి తేలికైన ఉపాయం ఉంది. బయటికి వెళ్లేటప్పుడు ఫోన్‌లో వీడియో పెట్టి వెళ్లండి. మీరు వెళ్లిన కొద్ది నిమిషాలకే తలుపు గీరడం, ఊళ పెట్టడం, అటూ ఇటూ తిరగడం కనిపిస్తే దానికి కావలసింది మనిషి. ఇంట్లో నిమ్మళంగా ఉండి, గల్లీలో ఇంకో కుక్క కనిపించగానే ఒళ్లు వదులు చేసి, ముందుకాళ్లు చాచి, వెనక భాగం పైకెత్తి పిలిస్తే దానికి సాటి కుక్కతో ఆడాలని ఉంది. వేరే కుక్కను చూసి ఒళ్లు బిగబట్టి, వీపు మీద వెంట్రుకలు లేపి గుర్రుమంటే దాన్ని బలవంతంగా జతచేయడం మంచిది కాదు.

మన ఊళ్లలో ఇంకో సంగతి కూడా చూడాలి. ఇక్కడ ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లు ఇంటి దగ్గరే బీడీలు చుడతారు. అటువంటి ఇంట్లో కుక్క ఒంటరిగా ఉండదు, పగలంతా అమ్మ కంటి ముందే ఉంటుంది. అయినా విసుగ్గా ఉందంటే కారణం చాలాసార్లు గొలుసే. కుక్కకు లోకం ముక్కుతో తెలుస్తుంది. గేటు పక్కన కట్టేసిన కుక్కకు రోజంతా అవే వాసనలు. దాని పక్కనే ఇంకో కుక్కను కట్టేస్తే విసుగెత్తిన కుక్కలు రెండవుతాయి, అంతే. అందుకే ముందుగా కొన్ని వారాలు ఇలా చేసి చూడండి. ఎండ ముదరకముందు, మళ్లీ పొద్దు గూకే వేళ దాన్ని నడిపించండి. తొందరపెట్టకుండా చెట్టునూ గోడనూ వాసన చూడనివ్వండి. ఇంట్లో రొట్టె ముక్కలు దాచి వెతికించండి. వెతకడంలో దాని ముక్కూ మెదడూ రెండూ పనిచేస్తాయి కాబట్టి హాయిగా అలసిపోతుంది. చాలా కుక్కల దిగులు ఇక్కడితోనే తీరుతుంది.

కుక్కలు ఎలా ఆడుకుంటాయి?

ఇంతా చేశాక కూడా మీ కుక్క సాటి కుక్క కోసమే తహతహలాడుతుంటే, వాటి ఆట ఎలా సాగుతుందో తెలుసుకోవాలి. ముందుకాళ్లు వంచి పిలవడమంటే "ఇప్పుడు కరిచినా అది ఆటకే" అని చెప్పడం. మార్క్ బెకాఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ భంగిమను ఏళ్ల తరబడి పరిశీలించి, గట్టిగా పట్టుకోవడానికి ముందో తర్వాతో కుక్కలు దీన్ని ఎక్కువగా చూపుతాయని గమనించారు. మంచి ఆటలో వంతులు మారుతుంటాయి. తరిమేది కాసేపటికి తరిమించుకుంటుంది. బలమైనది తన బలం తగ్గించుకుంటుంది. ఎప్పుడూ ఒకటే కింద పడుతూ, తోక ముడుచుకుని మంచం కింద దూరుతుంటే అది ఆట కాదు, వేధింపు.

అందుకే జోడీ కుదరడంలో వయసు, ఒడ్డూపొడుగు, హుషారు ముఖ్యం. ముసలి కుక్క దగ్గరికి పిల్లను తెస్తే, ఆ పిల్ల దాని చెవులు పట్టి లాగుతుంది. పెద్దదానికి నొప్పి పుట్టి గుర్రుమంటుంది. ఆ గుర్రుమనడాన్ని కొట్టి మాన్పించకండి. అది హెచ్చరిక. హెచ్చరిస్తే దెబ్బలు పడతాయని తెలిస్తే, ఈసారి హెచ్చరించకుండానే కరుస్తుంది. మొదటి కుక్కకు రెండేళ్లు దాటి, చెప్పిన మాట వినడం వచ్చాక రెండోదాన్ని తేవడం మంచిది. రెండు పిల్లలను ఒకేసారి తెస్తే అవి ఒకదానికొకటి అతుక్కుపోయి మన మాట చెవిన పెట్టకపోవచ్చు. అలా తెచ్చినా వేర్వేరుగా నడిపించి, వేర్వేరుగా నేర్పాలి.

ఒకే ఇంటి కుక్కల పోట్లాటలు మగ, మగ మధ్యో ఆడ, ఆడ మధ్యో ఎక్కువ. ఆడ, మగ జోడీకి పొత్తు సులువుగా కుదురుతుంది. అయితే ఆడకుక్క ఏడాదికి సుమారు రెండుసార్లు ఎదకు వస్తుంది, జతకట్టిన తర్వాత దాదాపు 63 రోజులకు ఈనుతుంది. ఆ పిల్లలకు ఇళ్లు దొరక్కపోతే అవి చేరేది వీధికే. కాబట్టి డాక్టరును అడిగి పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించడం తప్పనిసరి అనుకోండి.

ఎలాంటి పిల్లను, ఎలా తేవాలి?

వీధిలో పుట్టిన నాటు పిల్లయినా మంచిదే. మన ఎండలకు అది అలవాటు పడినంతగా బొచ్చు జాతులు పడవు. కానీ ఎనిమిది వారాల లోపు తల్లి నుంచి విడదీయవద్దు. తోబుట్టువులతో ఆడేటప్పుడే పంటి గాటు ఎంత గట్టిగా పడితే ఎదుటిది ఏడుస్తుందో పిల్లకు తెలుస్తుంది. ఆ పాఠం రానిది పెద్దయ్యాక ఆటలోనే గాయం చేస్తుంది. అలాగే సుమారు మూడు నుంచి పద్నాలుగు వారాల వయసులో చూసినవీ విన్నవీ దానికి మామూలు విషయాలైపోతాయి. సిరిసిల్లలో పగలంతా సాంచెలు (మరమగ్గాలు) నడిచే వాడలో పెరగాల్సిన పిల్లకు ఆ చప్పుడు ఆ వయసులోనే, దూరం నుంచి, కొద్దికొద్దిగా పరిచయం చేయాలి. కుక్క చెవికి మనకు వినపడని సన్నని ధ్వనులు కూడా వినపడతాయి కనుక ఇది చిన్న విషయం కాదు.

ఇంటికి తేగానే రెండింటినీ కలపవద్దు. ముందు డాక్టరుకు చూపించి, రెండు వారాలు వేరుగా ఉంచండి. పార్వో (నెత్తురు విరేచనాలు పట్టే జబ్బు) లాంటివి ఉంటే ఆలోపే బయటపడతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, పదహారు వారాలు వచ్చేదాకా మూడు, నాలుగు వారాలకోసారి మళ్లీ వేయించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆ తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటా. లక్షణాలు కనిపించాక రేబిస్ నుంచి బతికి బయటపడడం దాదాపు లేదు కాబట్టి ఈ ఒక్క టీకా ఎన్నడూ తప్పకూడదు. దగ్గరలోని పశువుల దవాఖానను అడగండి. కోరుట్లలో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల కూడా ఉంది.

మొదటి పరిచయం ఇంట్లో కాకుండా, రెండింటికీ కొత్తదైన చోట చేయాలి. ఎందుకంటే ఇల్లు పాతదాని రాజ్యం. మానేరు నది ఒడ్డునో ఊరి బయట ఖాళీ జాగాలోనో ఇద్దరు మనుషులు చెరో కుక్కను పట్టుకుని కొంత దూరంలో పక్కపక్కనే నడవాలి. ఒళ్లు వదులయ్యాక మెల్లగా దగ్గరికి రానివ్వాలి. ఇంటికి వచ్చాక గిన్నెలు వేరు, పడక వేరు. బొక్కలు వేస్తే రెండు గదుల్లో వేయాలి. మొదటి వారాల్లో రెండింటినీ మనిషి లేకుండా వదలకూడదు.

రెండు కుక్కలు పరుగెత్తే ఇంట్లో బీడీలు చుట్టే తంబాకు చాటను కింద పెట్టవద్దు. తంబాకులోని నికోటిన్ కుక్కకు విషం. నూలు పోగులు కూడా అందకుండా చూడండి. మింగిన పోగు పేగుల్లో చిక్కుకుంటే ఆపరేషన్ దాకా పోతుంది.

చివరగా పెద్దలకో మాట. కుక్క పదేళ్లకు పైగా బతుకుతుంది. నాన్న గల్ఫ్‌కు పోయినా, పిల్లలు చదువుకు హైదరాబాద్ పోయినా దాన్ని ఎవరు నడిపిస్తారు, టీకాలకు ఎవరు తీసుకుపోతారు? ఈ ప్రశ్నకు ఇంట్లో ఒక మనిషి "నేను" అని చెప్పగలిగితేనే రెండోదాన్ని తెచ్చుకోండి. దాన్ని మొదటి కుక్కకు ఆటబొమ్మగా తేవద్దు, ఆ రెండూ ఏనాడూ కలిసి ఆడకపోయినా పెంచుకుంటామన్న మాట మీద తెచ్చుకోండి. ఆ మాట ఇవ్వలేకపోతే తప్పేమీ లేదు. ఉన్న కుక్కతో పొద్దునా సాయంత్రం మీరే ఆడండి, దానికి ఆ తోడు చాలు.