జీపునకు ముందు బంపరు తయారు చేసికొనుట

వికారాబాదు, తాండూరు ప్రాంతముల బాటలెట్టివో సంఘ సభ్యులగు రైతు సోదరులకు చెప్పనక్కఱలేదు. అనంతగిరి చుట్టుప్రక్కల ఎఱ్ఱమట్టియు గులకరాళ్ళును. తాండూరు దిక్కున నల్లరేగడి. నాపరాతి గనుల చెంత బండచెక్కలతో నిండిన దారులు. వాన కురిసిన మరునాడు కందిచేనికి బస్తాలు చేర్చవలెనన్న లారీ రాదు, ఎడ్లబండ్లు తగ్గిపోయినవి, ట్రాక్టరు అందఱికిని లేదు. అందువలన కొందఱు సభ్యులు నాలుగు చక్రములకును ఇంజను బలము చేరునట్టి పాత జీపులను కొని నడుపుచున్నారు. సంఘమునకును అట్టిది ఒకటి కలదు. దాని ముందు బంపరు తుప్పుపట్టి ఊడిపోగా మేము రెండుసార్లు బంపరు చేయించితిమి. మొదటిది తప్పుగా చేయించితిమి. రెంటి వృత్తాంతమును దాపరికము లేక వ్రాయుచున్నాము.

జీపు మొదట యుద్ధము కొఱకు పుట్టిన బండి. 1945వ సంవత్సరమున అమెరికాలోని విల్లీసు కంపెనీ దానినే సేద్యగాండ్రకు అనువుగా మార్చి విక్రయింప నారంభించెను. 1947లో మహీంద్రా వారు మన దేశమున అట్టి జీపులను కూర్చుట మొదలిడిరి. ఆ జీపు బంపరు మిక్కిలి సామాన్యమైనది. బండి అడుగున నిడివిగా సాగు రెండు ఉక్కు దూలముల కొనలకు అడ్డముగా బిగించిన ఒక చానలు మాత్రమే. ఆ దూలముల కూర్పునే మెకానిక్కులు ఛాసిస్ అందురు. నాలుగు బోల్టులు విప్పిన ఊడివచ్చును. ఈ సులభత్వమే మమ్ము మోసగించినది.

మొదటిసారి మేమేమి చేసితిమనగా, వెల్డింగు షాపు ముందఱ నిలిచియున్న ఒక కొత్త బండిని చూచి ముచ్చటపడితిమి. దాని ముందు గొట్టములతో పందిరి వలె కట్టియుండిరి. మనకును అట్టిదే కావలెనంటిమి. గోదాము వెనుక పడియున్న పాత నీటి గొట్టములు ఇచ్చి, ఖర్చు తగ్గినదని సంతోషించితిమి. షాపు కుఱ్ఱవాడు వానిని కోసి అతికెను. ఆ రాత్రి వానికి చలిజ్వరము వచ్చినది. గొట్టములపై జింకుపూత ఉండెననియు, అది కాలునపుడు లేచు తెల్లని పొగను పీల్చినచో ఇట్టి జ్వరము తగులుననియు తరువాత తెలిసినది. మరునాటికి వాడు కోలుకొనెను గాని, ఆ గొట్టములు ఇచ్చినవారము మేమే.

ఆ బంపరు 60 కిలోలు తూగెను. కొనలు చక్రములను దాటి ఇరువైపులను జానెడేసి పొడుచుకొని వచ్చినవి. నెల తిరుగక ముందే, కందుల బస్తాలు దించుచోట బండిని వెనుకకు త్రిప్పుచుండగా, ముందు కొన ప్రక్కకు జరిగి ఒక హమాలీ మోకాలికి తగిలెను. మోకాటిచిప్ప పగులలేదు, అయినను అతడు 20 దినములు బస్తా ఎత్తలేకపోయెను. ఆ దినముల కూలి సంఘము ఇచ్చుకొన్నది. వైద్యునికడకు తీసికొనిపోవుచుండగా అతడు, “అయ్యా, బండికి కొమ్ములెందుకు పెట్టినారు? పొడిచే ఎద్దుకైతే కుప్పెలు తొడుగుతాము గదా” అనెను. మేము జవాబు చెప్పలేకపోతిమి.

బరువు వలన కలుగు కీడును ఏతము ఎఱిగిన రైతు వెంటనే గ్రహింపగలడు. మా జీపు ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ దూరము సుమారు 2 మీటర్లు. బంపరు ముందు ఇరుసును దాటి 60 సెంటీమీటర్ల దూరమున నుండును. అనగా ముందు ఇరుసు ఏతపు కీలు వలె పనిచేయును. 60 కిలోల బంపరు వెనుక చక్రముల మీదినుండి 18 కిలోల భారమును ఎత్తివేయును. ముందు చక్రములపై పడు అదనపు భారము 60 కాదు, 78 కిలోలు. బండి అంతయు కలిసి 1,100 కిలోలకు మించదు. కావుననే రేగడిలో ముందు చక్రములు దిగబడుటయు, కమాను పట్టీలు కుంగుటయు జరిగెను. బలము కొఱకు పెట్టిన ఇనుమే బండిని బురదలోనికి త్రొక్కెను.

చట్టము మాట కూడ సభ్యులు తెలిసికొనవలెను. 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖ రాష్ట్రములకు లేఖ వ్రాసి, బండ్ల ముందు ఇట్టి ఇనుప కంచెలు బిగించుట 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనుకు విరుద్ధమనియు, బాటసారులకును బండిలోనివారికిని అపాయకరమనియు తెలిపినది. కొత్త బండ్లలో ఢీకొన్నపుడు విచ్చుకొనునట్టి గాలిసంచులుండును. ముందు తగిలిన దెబ్బను కనిపెట్టు పరికరము వానిని విప్పును. దాని కడ్డముగా ఇనుము కట్టినచో సంచి తగిన క్షణమున విచ్చుకొనకపోవచ్చును. కావున అట్టి బండ్లు గల సభ్యులు ఈ పనికి పూనుకొనరాదు. మేము చెప్పునది, పాత జీపునకు పాత బంపరు పోయినచో అదే కొలతకు కొత్తది చేసికొనుటను గుఱించి మాత్రమే. కొలతగాని ఆకారముగాని మార్పదలచినచో ముందుగా రవాణా కార్యాలయమున విచారింపుడు.

ఇక రెండవ బంపరు. మొదటి దానిని కోసి, కొన్ని ముక్కలను గోదాము గేటుకు ఊచలుగా వాడితిమి. పాత బంపరు తునకలను చేర్చి కొలువగా నిడివి 130 సెంటీమీటర్లు తేలెను. ఇనుప దుకాణమునందు 100 మిల్లీమీటర్ల చానలు దొరకును. మీటరు ఒకటికి సుమారు తొమ్మిదిన్నర కిలోలుండును. మన నిడివికి పన్నెండున్నర కిలోలకు లోపే. కొనునపుడు తూకము వేయించుడు. తేలిక సరకును అదే ధరకు అంటగట్టువారు కలరు. రేకులను ముక్కలుగా కోసి నిడివిగా అతికించుట కంటె చానలు మేలు. పొడుగాటి అతుకు చల్లారునపుడు ఇనుమును వంచివేయును.

ఇనుము కోయుటకు ముందు అట్టతో నమూనా చేసి బండికి పట్టి చూడవలెను. ఈ ఒక్క పని మొదటిసారి చేసియుండినచో కొనలు పొడుచుకొని వచ్చుట అప్పుడే కంటబడెడిది. దీపములు, నంబరు పలక, రేడియేటరుకు గాలి పోవు దారి, ఈ మూటికిని అడ్డు రాకూడదు. క్రింది అంచు ఎంత దిగువకు వచ్చిన, గట్టు ఎక్కునపుడు అంత త్వరగా నేలను తగులును.

6 మిల్లీమీటర్ల మందముగల రెండు పలకలను చానలు వెనుక అతికి, ఆ పలకలను ఛాసిస్ దూలములకు ఒక్కొక్క ప్రక్కను నాలుగేసి బోల్టులతో బిగించితిమి. బోల్టు 12 మిల్లీమీటర్లది, తలపై 8.8 అని అచ్చుపడినది కావలెను. రంధ్రములను డ్రిల్లుతో తొలిపించుడు. మంటతో కాల్చిన రంధ్రము వదులగును. మొదట చుక్కలుగా అతికి, బండికి తగిలించి, సరిగా కుదిరినదని చూచి, విప్పి నేలపై పెట్టి పూర్తిగా అతికించుట మంచిది. బండిమీదనే అతుకవలసివచ్చినచో బ్యాటరీ తీగలు ఊడదీసి, ప్రక్కన ఇసుక బొక్కెన ఉంచుడు. కొనలను ఏటవాలుగా కోసి, మూత వేసి, ఆకురాయితో గుండ్రముగా నునుపు చేసితిమి. నునుపైనదా లేదా యని తెలిసికొనుటకు గోనెసంచిని రాచి చూడుడు; ఒక్క దారము తగులుకొన్నను ఇంకను అరగదీయవలెను. పలకలు, బోల్టులతో కలిపి బరువు 17 కిలోలైనది. ఇది గట్టి దెబ్బకు వంగును. వంగనిండు, ఇది వంగక పోయినచో ఛాసిస్ వంగును, దానిని సరిచేయించుటకు అయ్యెడి ఖర్చు సభ్యులు ఊహింపగలరు.

దిగబడిన బండిని లాగుటను గుఱించి ఒక హెచ్చరిక. చాలమంది బంపరు నడుమ ఒక కడియము అతికించి దానికి గొలుసు తగిలింతురు. ఆ అతుకు తెగినచో కడియమును గొలుసును కలిసి తుపాకిగుండు వలె ఎగురును. మేము కొక్కెములను బంపరునకు కాక, ఛాసిస్ కొనలకే విడిగా బోల్టులతో బిగించితిమి. లాగునపుడు గొలుసు నిడివి ఎంతయో అంత దూరములో ఎవ్వరును నిలువరాదు. గొలుసు నడుమ తడిపిన గోనెసంచులు వేయుడు. తెగినను అది పైకి లేవక నేల పట్టును. పిల్లలు చూడవత్తురు, వారిని ముందుగా పంపివేయవలెను.

ఎఱ్ఱ ప్రైమరు ఒక పూత, ఆపై నల్లరంగు రెండు పూతలు వేసితిమి. మొదటి వారము తిరిగిన పిమ్మట రెండు బోల్టులు కొంచెము వదులైనవి. తిరిగి బిగించినది మొదలు కదలలేదు. అట్ట నమూనాయు, కొలతల కాగితమును కార్యాలయమున గోడకు తగిలించియున్నవి. ఇట్టి జీపు గల సభ్యులు పుస్తకమున సంతకము చేసి తీసికొనిపోవచ్చును. అట్ట ఒక్కటే గావున వారము లోపల తిరిగి తెచ్చియిచ్చునది.