మిగతా ఐదు గ్రాములు

రండర్రా, ఇలా నా పక్కన కూర్చోండి. మన పక్కింటాయన నిన్న ఇచ్చిన గుళ్ళు ఇవిగో, కాగితంలో చుట్టి ఉంచాను. చూడండి గానీ ముట్టుకోకండి. ముట్టుకుంటే మాత్రం చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఎందుకో చివర్లో చెబుతాను.

ఆయన ఏటా చలి మొదలయ్యే రోజుల్లో ఫీనిక్స్ నుంచి ఉత్తరాన కైబాబ్ పీఠభూమికి వెళ్ళి, అనుమతి చీటీ మీద ఒక మ్యూల్ జింకను వేటాడతాడు. కంచరగాడిద చెవుల్లా పెద్ద చెవులుంటాయని దానికా పేరు. మన దేశంలో 1972 చట్టం వచ్చాక జింకల వేట నేరం. ఇక్కడ అమెరికాలో లెక్కపెట్టి, ఇన్నే అని చీటీలిచ్చి వేటకు పంపుతారు. మీ తాత ఎన్నడూ చీమకైనా గురిపెట్టినవాడు కాదు. కానీ ఆ గుండు వెనకున్న సైన్సు మాత్రం చెప్పుకోదగ్గదే.

బుజ్జీ, నిన్న ఆయన తన తూటాను మాగ్నమ్ అన్నప్పుడు నువ్వడిగావే, "మాగ్నమ్ అంటే పెద్దది కదా, గుండు నా చిటికెన వేలంతైనా లేదేం తాతయ్యా?" అని. తూటా వేరు, గుండు వేరు తల్లీ. ఇత్తడి గొట్టం, దాన్నిండా మందు, అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత, మూతి దగ్గర బిగించిన గుండు, ఈ నాలుగూ కలిస్తే తూటా. ఎగిరిపోయేది గుండు ఒక్కటే. మాగ్నమ్ అంటే లాటిన్లో పెద్దదని అర్థం. లీటరున్నర పట్టే పెద్ద వైన్ సీసాను అలా పిలిచేవారు, ఆ పేరే తూటాకూ వచ్చింది. అంటే పెద్దది సీసా, దాంట్లో పట్టే మందు. 1906 నాటి థర్టీ-ఆట్-సిక్స్ తూటాలోనూ, 1963లో వచ్చిన త్రీ హండ్రెడ్ వించెస్టర్ మాగ్నమ్‌లోనూ పెట్టే గుండు మందం ఒకటే, 7.8 మిల్లీమీటర్లు.

బరువు చూడండి. వీళ్ళు గుళ్ళను గ్రెయిన్లలో తూస్తారు. ఒకప్పుడు యవగింజతో తూచిన కొలత అది, మన కంసాలి గురివింద గింజతో తూచినట్టే. ఆయన పాత గుండు 180 గ్రెయిన్లు. మీ నానమ్మ గొలుసు చేయించిన రోజుల్లో తులమంటే ఎంతో తెలుసా? సరిగ్గా 180 గ్రెయిన్లు! అంటే 11.66 గ్రాములు. తులమెత్తు సీసం, పైన పల్చటి రాగి తొడుగు. ఆ తులాన్ని పాత తూటా సెకనుకు 820 మీటర్ల వేగంతో పంపితే, మాగ్నమ్ 900 మీటర్లతో పంపుతుంది. అప్పుడు దాంట్లో ఉండే శక్తి 4,700 జౌళ్ళు. 50 కిలోల సిమెంటు బస్తా మూడంతస్తుల ఎత్తు నుంచి కిందపడితే ఎంత శక్తో అంత.

శక్తి ఎక్కువైతే మంచిదేగా అంటావా చిన్నోడా? అక్కడే ఉంది అసలు మెలిక. చిన్నప్పుడు మా ఊరి మోటబావిలోకి దూకేవాళ్ళం. గట్టు మీంచి దూకేటప్పుడు పొట్ట నీళ్ళకు తగిలిందా, చెప్పుదెబ్బ తిన్నట్టు మంట. మెల్లగా దిగితే అవే నీళ్ళు పట్టుపరుపు. నీరు వేగానికి ఎదురు తిరుగుతుంది. వేగం రెట్టింపైతే ఎదురుదెబ్బ నాలుగింతలు. జింక ఒళ్ళూ చాలావరకు నీరే కదా. 900 మీటర్ల వేగంతో తగిలిన గుండు ముక్కు మీద పడే ఒత్తిడి సుమారు 4,000 వాతావరణాలు. దానికి సీసం ఓ లెక్కా? ఎండలో పెట్టిన మైనంలా జారిపోతుంది. అదే గుండు దూరం వెళ్ళి 600 మీటర్లకు తగ్గాక తగిలితే, ఒత్తిడి సగం కన్నా తక్కువ.

ఇప్పుడు వంటింటి సంగతితో చెబుతాను. సున్నుండను గోడకేసి కొడితే పొడిపొడిగా రాలుతుంది. సాగే జీడిముద్దను కొడితే చదునవుతుందే గానీ విడిపోదు. వేటగాడికి కావలసింది జీడిముద్ద. గుండు లోపలికి వెళ్ళి పుట్టగొడుగులా విచ్చుకోవాలి, కానీ ముక్కలు కాకూడదు. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు జానెడు వెడల్పు. గుండు అంతవరకూ చేరితే ఆ ప్రాణి క్షణాల్లో పోతుంది. పైపైనే చిట్లిపోతే గాయంతో పారిపోయి ఏ పొదలోనో గంటలకొద్దీ యాతన పడుతుంది. చంపక తప్పదనుకున్నవాడు ఆ యాతన పెట్టకుండా ఉండడం కనీస ధర్మం.

ఈ పాఠం జాన్ నోస్లర్ అనే ఆయన 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో నేర్చుకున్నాడు. ఆయన చేతిలో ఉన్నదీ మాగ్నమే. ఎదురుగా బురద ఎండి అట్టకట్టిన ఒళ్ళుతో పెద్ద మూస్ దుప్పి. గుళ్ళు తగిలాయి, కానీ పైనే చిట్లిపోయాయి, లోతుకు దిగలేదు. ఇంటికొచ్చి ఆయన గుండు మధ్యలో రాగితోనే ఓ అడ్డుగోడ పెట్టాడు. ముందు గదిలో సీసం విచ్చుకుంటుంది, వెనక గదిలో సీసం చెక్కుచెదరకుండా ముందుకు తోస్తుంది. 1948లో అది అంగళ్ళకొచ్చింది. తర్వాత కొందరు సీసాన్ని తొడుగుకు అంటుకుపోయేలా చేశారు, మరికొందరు సీసమే మానేసి మొత్తం రాగితో చేశారు.

సరే, ఇప్పుడు తూద్దాం. కాటా మీద కాగితం వేశాను. మొదటిది, నాలుగేళ్ళ కిందట ఆయన కొట్టిన జింకలో దొరికిన సీసపు గుండు. బయల్దేరినప్పుడు 11.7 గ్రాములు. ఇప్పుడు చూడండి, 6.7. రెండోది నిరుటి రాగి గుండు. బయల్దేరినప్పుడు 165 గ్రెయిన్లు, అంటే 10.7 గ్రాములు. ఇప్పుడు 10.6. నాలుగు రేకులూ మందారంలా విచ్చుకున్నాయి, ఒక్కటీ రాలలేదు.

మరి మొదటి గుండులో మిగతా ఐదు గ్రాములు ఎక్కడికి పోయాయి?

దాని కోసమేరా ఈ కథంతా. ఆ ఐదు గ్రాములూ కంటికి కనపడని రజనులై మాంసంలో, పేగుల్లో చెదిరిపోయాయి. 2008లో నార్త్ డకోటాలో ఒక డాక్టరు పేదలకు దానమిచ్చిన జింక మాంసాన్ని స్కాన్ తీస్తే అందులో లోహపు చుక్కలు మెరిశాయి. పేగుల్ని వేటగాళ్ళు అడవిలోనే వదిలేస్తారు. వాటి మీద వాలేది కాలిఫోర్నియా కాండోర్, రెక్కలు చాస్తే తొమ్మిదడుగులకు పైనుండే రాబందు. 1982లో ఈ లోకం మొత్తమ్మీద మిగిలినవి 22. పట్టి, పెంచి, పిల్లల్ని చేయించి 1996లో ఈ అరిజోనాలోనే వర్మిలియన్ క్లిఫ్స్ కొండల మీద మళ్ళీ ఎగరేశారు. కడుపులోని ఆమ్లానికి సీసం కరిగి నెత్తురులో కలిస్తే, దాని మేతసంచి చచ్చుబడిపోతుంది. తిన్నది గొంతు దిగదు. కడుపునిండా తిన్న పక్షి ఆకలితో చచ్చిపోతుంది. అందుకే 2005లో అరిజోనా వన్యప్రాణి శాఖ ఆ ప్రాంతపు వేటగాళ్ళకు సీసం లేని తూటాలు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. కాలిఫోర్నియా ఏకంగా చట్టమే చేసి, 2019 జూలై 1 నుంచి వేటలో సీసం వాడొద్దంది.

మన రాబందుల గతీ ఇలాంటిదే కదర్రా. పశువుల నొప్పికి వేసిన డైక్లోఫెనాక్ మందు, చచ్చిన గొడ్డు మాంసంలో మిగిలి లక్షలాది రాబందుల్ని తినేసింది. కారణం 2004లో తేలింది, పశువులకు ఆ మందు వాడడం 2006లో నిషేధించారు. అక్కడ సూది వేసినవాడు గొడ్డు మేలే కోరాడు. ఇక్కడ సీసం పేల్చినవాడూ రాబందు మీద పగబట్టలేదు. తన పని ఎక్కడ ఆగుతుందో చూడలేదు, అంతే.

రాగికీ ఓ లోపముంది. సీసం కన్నా గట్టిది కాబట్టి నెమ్మదిగా తగిలితే రేకులు విచ్చుకోవు. సన్నటి బొక్క చేసి దూరిపోతుంది. దాన్ని విప్పడానికి వేగం కావాలి. ఆ వేగం ఎవరి దగ్గరుంది? మాగ్నమ్ దగ్గర! సీసాన్ని సున్నుండలా పొడిచేసే ఆ తొందరే రాగిని పువ్వులా విప్పుతుంది. రాగి సీసం కన్నా తేలిక, అదే బరువుకు గుండు పొడవవుతుంది. అందుకే ఆయన తులం నుంచి 165 గ్రెయిన్లకు దిగాడు. బరువు తగ్గితే వేగం ఇంకాస్త పెరుగుతుంది కూడా.

నిన్న ఆయన్ని అడిగాను, సీసం ఎందుకు మానేశారని. నాలుగేళ్ళ కిందట ఈ గుండునే తూచి చూసుకున్నాడట. ఆ వారమే కొండంచున ఒక కాండోర్ రెక్క మీద నంబరు పలకతో ఆయన నెత్తిమీదుగా ఎగిరిందట. ఆ నంబరు ఇప్పటికీ ఆయనకు గుర్తుంది.

లేవండి, సీసం చేతికంటి కడుపులోకి పోకూడదు, చేతులు కడుక్కుని అన్నానికి పదండి. బుజ్జీ, సబ్బు మర్చిపోకు.