గెలిచినవాడు, ప్రకటింపబడినవాడు

స్టాక్ కార్ పందెమనగా మొదట బజారులో అమ్మెడు మోటారుకార్ల నమూనాలను వేగమునకు అనువుగా మార్చి నడిపిన పోటీ. ఇందులో ప్రతి పందెమునందలి స్థానమునకును పాయింట్లుండును. పూర్వము వానిని కూడి సంవత్సరాంతమున ఎవరిది ఎన్నవ స్థానమో నిర్ణయించెడివారు. కావున డ్రైవరు ముందుగతిని ఊహించువారు అతని నేర్పునేగాక, వెనుకనున్న ధనబలమునుగూడ చూడవలెను.

ఇందుకు అమెరికాలోని వర్జీనియా వాసి, నల్లజాతి డ్రైవరు వెండెల్ స్కాట్ (1921-1990) జీవితమును తార్కాణముగా శ్రోతలకు మనవి చేయుచున్నాము. ఆయన తానే మెకానిక్కు. పాత భాగములతో, కుమారుల సాయముతో కారు సిద్ధపరచుకొనెడివాడు.

1963 డిసెంబరు 1న ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో ఆయనే గెలిచినను, బక్ బేకరును విజేతగా ప్రకటించిరి. లెక్క తిరిగి చూడగా, స్కాట్ నిర్ణీత దూరముకన్న రెండు చుట్లు అధికముగా నడిపినట్లు తేలినది. అప్పటికి ప్రేక్షకులు వెడలిపోయిరి. లెక్కలో పొరపాటని నిర్వాహకులనిరి; జాతివివక్షయే కారణమని స్కాట్ విశ్వసించెను.

1966లో ఒక్క గెలుపైనను లేకయే, పట్టుదలతో పెక్కు పందెములు నడిపి, మొత్తము పాయింట్లలో ఆరవ స్థానము పొందెను. 1973లో టల్లడీగాలో జరిగిన ఘోరప్రమాదము ఆయన పందెపు జీవితమును దాదాపు ముగించినది. జాక్సన్‌విల్ విజయమునకు గుర్తుగా బహుమానపాత్ర ఆయన కుటుంబమునకు 2021లో అందినది.

డ్రైవరు ఎంత వేగముగా నడిపినను, చుట్లు లెక్కించువాని న్యాయబుద్ధియు తోడైననే గెలుపు గెలుపగునని మా అభిప్రాయము.