అందరికీ అందవలసిన మంచు
(పాండేసర నుండి సోలంగ్ లోయకు ఒక యాత్రా ప్రణాళిక)

సముద్రమట్టానికి సుమారు 13 మీటర్ల ఎత్తున ఉన్న సూరత్ నగరంలో కొండ కనిపించదు, మంచు కురవదు. జనవరి తెల్లవారుజామున సైతం ఒక పలుచని శాలువతో సరిపోతుంది. అటువంటి ఊరిలో, పాండేసర అద్దకపు మిల్లుల పొగగొట్టాల చెంత నివసించే నాలుగు తెలుగు కుటుంబాల వారం హిమాలయాలకు వెళ్లి స్కీయింగ్ నేర్చుకోవాలని సంకల్పించినప్పుడు సహోద్యోగులు కొందరు నవ్విన మాట వాస్తవమే. “మంచు మన దక్షిణాది వారికి అచ్చిరాదు” అన్నవారూ ఉన్నారు.

ఈ అభిప్రాయం సరికాదనడానికి నిదర్శనాలు లేకపోలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండానే ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. మంచు బాటపై జారే ల్యూజ్ క్రీడలో 1998 నుండి 2018 వరకు ఆరు శీతాకాల ఒలింపిక్సులలో పాల్గొన్న శివ కేశవన్ మనాలి సమీపంలోని వశిష్ఠ్ గ్రామవాసి. ఆయన తండ్రి కేరళ నుండి వెళ్లి అక్కడ స్థిరపడినవారు. కావున అడ్డంకి మన పుట్టిన ప్రాంతం కాదు, సన్నాహం లేకపోవడమే.

అసలు సమస్య

మా బృందంలో మొత్తం 12 మందిమి. వారిలో ఒక యువకుడు మాత్రమే స్కీయింగులో ప్రాథమిక శిక్షణ పొందినవాడు. ముగ్గురు కొత్తగా నేర్చుకోదలచినవారు. మరి ముగ్గురు “అక్కడికి వెళ్లాక చూద్దాం” అనేవారు. ఇద్దరు చిన్నపిల్లలు. అరవై దాటినవారు ఇద్దరు. వారిలో ఒకరికి మోకాళ్ల నొప్పులు. మిగిలిన ఒకరు, బాల్యంలో పోలియో సోకి ఎడమకాలు బలహీనపడిన మా సహోద్యోగి.

తొలి సమావేశంలో గుల్మార్గ్ ప్రస్తావన వచ్చింది. అక్కడి గొండోలా రెండవ దశ అఫర్వత్ పర్వతంపై దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. శిక్షణ పొందిన యువకుని కన్నులు మెరిశాయి. అది విన్న పెద్దావిడ, “మీరు వెళ్లి రండి నాయనా, నేను ఇల్లు కనిపెట్టుకుని ఉంటాను” అన్నారు. మా సహోద్యోగి మాత్రం ఊరుకోలేదు. “నా మీద జాలి అక్కరలేదు. నేను అక్కడ పగలంతా ఏం చేస్తానో చెప్పండి. ఆ జవాబు మీ దగ్గర ఉంటే వస్తాను” అన్నారు.

ఆ ప్రశ్నతోనే మా ప్రణాళిక మలుపు తిరిగింది. అంతవరకు మేము స్కీయింగ్ చేసేవారి కోసమే స్థలం వెదుకుతున్నాము. ఆపైన స్కీయింగ్ చేయనివారికి కూడా నిండుగా గడిచే స్థలం కోసం వెదకసాగాము.

స్థల నిర్ణయం

గుల్మార్గ్ ప్రసిద్ధమైనదే. అక్కడి స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ 1968 నాటిది. అయితే అఫర్వత్ వాలులు ఆరితేరినవారికి తగినవి. అక్కడ 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ దేశీయులు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యా దేశీయుడు హిమపాతాలకు బలి అయ్యారు. ఉత్తరాఖండ్‌లోని ఔలీ వాలులు సుందరమైనవి. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడలలో పోటీలు అక్కడ జరిగాయి. కాని జోషీమఠ్‌లో నేల కుంగిన కారణంగా 2023 జనవరిలో ఔలీ రోప్‌వేను నిలిపివేశారు. వృద్ధులతో వెళ్లేవారు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోక తప్పదు.

చివరకు మనాలిలో బస, సోలంగ్ లోయలో శిక్షణ అని నిర్ణయించాము. మనాలి సుమారు 2,050 మీటర్ల ఎత్తున, సోలంగ్ సుమారు 2,500 మీటర్ల ఎత్తున ఉన్నాయి. రెంటి మధ్య దూరం 14 కిలోమీటర్లకు మించదు. రాత్రి తక్కువ ఎత్తులో నిద్రించి పగలు పైకి వెళ్లి రావచ్చును. సోలంగ్‌లో నడక లేకుండా పైకి చేర్చే రోప్‌వే ఉన్నది. మోకాళ్ల నొప్పులవారికి వశిష్ఠ్ గ్రామంలోని వేడినీటి గుండం, దేవదారు వృక్షాల నడుమ 1553 నాటి హిడింబాదేవి ఆలయం, 2020లో ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం ఉన్నాయి. 2018లో టర్కీలో కాంస్యం గెలిచి, అంతర్జాతీయ స్కీయింగ్ పోటీలో భారతదేశానికి తొలి పతకం తెచ్చిన ఆంచల్ ఠాకూర్ స్వగ్రామం బురువా కూడా ఆ లోయలోనిదే. 1961లో ఏర్పడిన పర్వతారోహణ సంస్థ మనాలిలో ఉన్నందున శిక్షణ పొందిన బోధకులు లభిస్తారు.

ప్రయాణం, ఎత్తు, ఆరోగ్యం

సూరత్‌లో ఆగే పశ్చిమ్ ఎక్స్‌ప్రెస్, గోల్డెన్ టెంపుల్ మెయిల్ రెండూ అంబాలా మీదుగా పోతాయి. అక్కడి నుండి చండీగఢ్ మీదుగా రోడ్డు మార్గం. 2023 జూలై వరదలలో కుళ్లు-మనాలి రహదారి తీవ్రంగా దెబ్బతిన్న సంగతి పాఠకులకు విదితమే. శీతాకాలంలో మంచు వల్ల కూడా దారి మూసుకుపోవచ్చు. అందుచేత తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకున్నాము. సెలవు, ఎల్.టి.సి. అనుమతులు ముందుగానే పొందడం శ్రేయస్కరం.

2,500 మీటర్లు దాటిన తరువాత కొందరికి తలనొప్పి, వికారం, నిద్రలేమి కలుగుతాయి. చేరిన మొదటి రోజు పూర్తి విశ్రాంతి. హృద్రోగం, రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారు బయలుదేరకముందే వైద్యుని సలహా పొందాలి. ఎత్తు ప్రతి 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది. తాజా మంచు ఆ కిరణాలలో 80 శాతం వరకు తిరిగి పైకి పంపగలదు. కనుక నల్లకళ్లద్దాలు పిల్లలకు, పెద్దలకు కూడా అత్యవసరమే.

దుస్తుల విషయంలో మన పాండేసర వారికి ఒక సౌలభ్యమున్నది. నూలు బట్ట చెమటను పీల్చి తడిగానే ఉంటుంది. ఆ తడి చలిగాలిలో ఒంటి వేడిని హరిస్తుంది. లోపలి పొరగా త్వరగా ఆరే పాలియెస్టర్, దానిపై ఉన్ని, అన్నిటికీ పైన గాలిని, తడిని ఆపే కోటు ఉండాలి. మన మిల్లులలో నిత్యం రంగులద్దుకునే పాలియెస్టరే అక్కడ మనల్ని కాపాడుతుంది.

శిక్షణ

బయలుదేరడానికి ఆరు వారాల ముందు నుండి రోజూ గుంజీలు తీయడం, మెట్లెక్కడం ప్రారంభించాలి. స్కీయింగులో భారమంతా తొడలపైనే పడుతుంది. కొత్తవారు మొదట నేర్వవలసినది వేగం కాదు, ఆగడం. రెండు స్కీల ముందు కొనలను దగ్గరగా, వెనుక చివరలను దూరంగా ఉంచి లోపలి అంచులతో మంచును ఒత్తితే వేగం తగ్గుతుంది. పడక తప్పనప్పుడు పక్కకు ఒరిగి పడాలి. బూట్లు పాదానికి సరిగా అమరకుంటే ఎంత మంచి బోధకుడైనా చేయగలిగినది స్వల్పం. అలసిన తరువాత “ఇంకొక్కసారి” అనే జారుడే ప్రమాదకరమని అనుభవజ్ఞుల మాట. కావున శిక్షణ మధ్యాహ్నం వరకే.

శిక్షణ పొందిన యువకుడు ఉదయం వేరుగా బోధకునితో పెద్ద వాలుకు వెళతాడు. కొత్తవారికి బోధన అతని బాధ్యత కాదు. పిల్లలకు స్లెడ్జి బండి. మా సహోద్యోగి రోప్‌వేపై వెళ్లి వాలు అంతటినీ పైనుండి ఛాయాచిత్రాలు తీస్తారు. ఏ రోజు ఎవరు ఎంత నేర్చారో లెక్క రాసే పనిని ఆయనే కోరి తీసుకున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకు పన్నెండుగురమూ వాలు అడుగున ఒకేచోట భోజనం చేయాలి. ఈ నియమానికి మినహాయింపు లేదు.

ఖర్చులు, మంచు కురవని రోజు

ఇటువంటి యాత్రలలో స్నేహాలు తరచుగా డబ్బు దగ్గరే బెసుకుతాయి. అందుచేత బస, భోజనం, వాహనం ఖర్చులు తలకింత అని పంచుకున్నాము. స్కీల అద్దె, బోధకుని రుసుము నేర్చుకునేవారివే. మంచులో అడుగుపెట్టని పెద్దలపై ఆ భారం మోపడం న్యాయం కాదు.

మంచు కురవకపోవచ్చు కూడా. 2025లో గుల్మార్గ్‌లో ఫిబ్రవరిలో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదా పడ్డాయి. జాతీయ క్రీడలకే తప్పని ఇబ్బంది మనకు తప్పుతుందనుకోరాదు. అందుకే ప్రతి రోజుకూ మంచు లేకున్నా సాగే మరొక కార్యక్రమాన్ని రాసి ఉంచాము.

మగ్గమెరిగిన ఇళ్ల నుండి సూరత్ వచ్చిన తెలుగువారు మనలో ఎందరో ఉన్నారు. బట్ట చిరిగేది బలమైన పోగు దగ్గర కాదని వారికి ఒకరు చెప్పనక్కరలేదు. బృందయాత్ర కూడా అంతే. అందరికంటె నెమ్మదిగా నడిచేవారి అడుగును కొలతగా తీసుకుంటే పన్నెండుగురూ కలిసే వెళ్లి కలిసే రావచ్చు. ఇల్లు కనిపెట్టుకుని ఉంటానన్న పెద్దావిడ పేరు ఇప్పుడు రిజర్వేషన్ జాబితాలో మొదటిది. ఇటువంటి యాత్ర తలపెట్టే సహోద్యోగులు మా జాబితాను నిస్సంకోచంగా అడిగి తీసుకొనవచ్చును.