పెరటిలో రెండవ యిల్లు: అనుమతుల సంగతి

పటాన్‌చెరువు మొదలు సంగారెడ్డి వరకు బొంబాయి రోడ్డున కిరుప్రక్కల నున్న గ్రామములలో పెరడు లేని యిల్లు కలదు గాని, పెరటిలో నొక గది వేయవలెనను తలంపు లేని యిల్లు కానరాదు. విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు చెప్పవలసిన వాని కిండ్ల గొడవ యేల యని కొందరు సభ్యులు నవ్వవచ్చును. కాని రెండు మూడేండ్లుగా నేను పొలముగట్టున నిలిచి మందు కలుపు విధానము చెప్పుచుండగా రైతులు నన్నడుగుచున్న ప్రశ్నలలో సగము గదులను గూర్చినవే. “దొడ్డిలో రెండు అర్రలు వేసుకొందుమా? పర్మిషను కావలెనా, అక్కరలేదా?” ఈ ప్రశ్నకు తప్పు సమాధానము విని నష్టపడువారు హెచ్చుచున్నారు గనుక నీ వ్యాసము వ్రాయుచున్నాను.

ఇట్లేల జరిగినదో అందరకు తెలిసినదే. రామచంద్రాపురమున బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారము 1960 తరువాతి దశకములో వెలసినది. 1972లో ఇక్రిశాట్ వచ్చినది. తరువాత పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము పారిశ్రామికవాడలును, ఎద్దుమైలారమున ఆయుధ కర్మాగారమును వచ్చినవి. చేలు పోయినవి, ఇంటిస్థలములు మిగిలినవి. ఎద్దులు పోయిన పిదప పశువుల కొట్టము ఖాళీ. ఒకవైపున పెండ్లియైన కుమారునకు వేరు పొయ్యి పెట్టవలసి యున్నది. మరియొకవైపున బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ రాష్ట్రముల నుండి వచ్చిన పనివారు అద్దె గదులకై తిరుగుచున్నారు. భూమి తగ్గిన కుటుంబమునకు నెలనెల వచ్చు అద్దె, వానను నమ్ముకొనని పంట వంటిది. కావున కొట్టము తీసి గది వేయుట దురాశ కాదు, సంసారపు లెక్క.

ఇక చట్టము. 2019 నాటి తెలంగాణ పురపాలక చట్టమును, దాని వెనుక 2020లో వచ్చిన టి.ఎస్.బి-పాస్ చట్టమును చిన్నవారికి గొప్ప వెసులుబాటు కలిగించినవి. 75 చదరపు గజముల లోపు స్థలములో, 7 మీటర్ల యెత్తు మించకుండ, క్రింది అంతస్తో, దానిపై మరియొక అంతస్తో కట్టుకొను వానికి అనుమతి యక్కరలేదు; ఒక్క రూపాయి రుసుముతో నమోదు చేసికొన్న చాలును. అంతకు పైబడి 500 చదరపు మీటర్ల వరకు గల స్థలములలో, 10 మీటర్ల యెత్తు లోపల, యజమాని తానే ప్రమాణపత్రము వ్రాసి యిచ్చి తక్షణ అనుమతి పొందవచ్చును. ఆపై పెద్ద కట్టడములకు 21 దినముల గడువు. ఈ పద్ధతి 2020 నవంబరు 16వ తేదీన ఆరంభమైనది. 2025లో దీని స్థానమున బిల్డ్ నౌ అను క్రొత్త ఆన్‌లైను పద్ధతిని ప్రవేశపెట్టిరి.

ఇందులో మనవారు పొరబడు చోటొకటి కలదు. “చిన్న యింటికి అనుమతి లేదట” అని చెవినబడిన మాటను పట్టుకొని, “నా గది పదునైదు గజములే గదా” యని పునాది త్రవ్వుచున్నారు. చట్టము కొలిచినది ఇంటిని కాదు, స్థలమును. 75 గజములనగా గుంటలో నించుమించు అయిదింట మూడు పాళ్లు మాత్రమే. స్థలము 76 గజములైనను, దానిలో కోళ్లగూడంత గది వేసినను ఆ మినహాయింపు వర్తింపదు. పట్టణములో ముక్కలు ముక్కలుగా కొనుక్కొన్న బీదవాని స్థలమునకు సరిపోవు కొలత యిది. పల్లెలో తాతల నాటి నుండి పెరడుతో గూడ వచ్చిన ఇంటిస్థలమునకు సరిపోదు.

ఒక లెక్క వేసి చూతము. ఒక రైతుకు ముత్తంగిలోనో ఇస్నాపూరులోనో 180 గజముల ఇంటిస్థలము కలదనుకొందము. ముందుభాగమున తాత కట్టిన మట్టిమిద్దె. ఎడమ గోడ పొరుగువానితో ఉమ్మడి. వెనుక 70 గజముల పెరడు. ఆ పెరటిలో కుమారునకు రెండు అర్రలు వేయదలచెను. 180 గజములు సుమారు 150 చదరపు మీటర్లు. 2012 నాటి జి.ఓ. 168 నియమముల ప్రకారము 100 నుండి 200 మీటర్ల తరగతి స్థలములకు ముందు 1½ మీటరును, మిగిలిన ప్రక్కల ఒక్కొక్క మీటరును ఖాళీ విడువవలెను. క్రొత్త గది చుట్టు మీటరు విడుచుట కష్టము గాదు. కాని ప్రమాణపత్రము గదికి మాత్రమే కాదు, స్థలమంతటికిని. తాత కట్టిన గోడ పొరుగువాని గోడకు అంటుకొని యున్నది. ముందరి అరుగు బాట అంచున నున్నది. “నియమములన్నియు పాటించితిని” అని ఆ రైతు ఎట్లు సంతకము చేయగలడు? చేసినచో అబద్ధము. చేయకున్న అనుమతి లేదు. అనుమతి లేక కట్టినచో, 2019, 2020 చట్టములు అట్టి కట్టడములను నోటీసు లేకయే కూల్చుటకు అధికారమిచ్చినవి. ఆన్‌లైను కేంద్రములోని కుర్రవాడు “అందరును ఇట్లే నింపుచున్నారు, సంతకము పెట్టు తాతా” యని చెప్పును. కూల్చుటకు వచ్చిననాడు ఆ కుర్రవాడు కనబడడు.

నా అభిప్రాయము సూటిగా చెప్పెదను. నమ్మకముతో అనుమతి యిచ్చు పద్ధతి మంచిదే. మునుపు ప్లాను పట్టుకొని కార్యాలయముల చుట్టు తిరిగినవారెవ్వరు నిది కాదనరు. కాని స్థలమును కొలుచు మినహాయింపు పాత ఊళ్లలోని పెరటి యింటికి ప్రయోజనపడలేదు. ఇతర దేశములలో ఈ చిక్కునకు వేరు దారి పట్టిరి. ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రము 2009లోనే, ఉన్న యింటి వెనుక 60 చదరపు మీటర్ల లోపు రెండవ యింటిని సులభముగా కట్టుకొననిచ్చు నియమము చేసినది. అక్కడి వాడుకలో అట్టి యింటిని ‘అవ్వ యిల్లు’ అను అర్థము వచ్చునట్లు పిలుతురు. ముసలి తల్లిదండ్రులను పెరటిలో నుంచుకొనుటకు కట్టునది గనుక. మనవా రనేకులు కాపురముండు కాలిఫోర్నియాలో 2016 నుండి వరుసగా చట్టములు చేసి, 2020 నాటికి ప్రక్కలను వెనుకను 4 అడుగుల ఖాళీ విడిచిన చాలుననియు, దరఖాస్తుపై 60 దినములలో తీర్పు చెప్పవలెననియు శాసించిరి. న్యూజిలాండువారు 2025లో చట్టము చేసి, 70 చదరపు మీటర్ల లోపు ఒంటి అంతస్తు ఇంటికి కట్టుబడి అనుమతియే తీసివేసిరి. అయితే అక్కడ హద్దుకు రెండు మీటర్లు విడువవలెను, లైసెన్సు గల పనివారే కట్టవలెను, మొదటను చివరను స్థానిక సంస్థకు తెలుపవలెను. ఈ మూడు చోట్లను కొలుచునది క్రొత్త యింటిని. వెనుకటి తరము కట్టిన దానిని త్రవ్వి తీయుట లేదు. మనకును అట్టి సవరణ యొకటి కావలెను. పాత యింటిని ఉన్నదున్నట్లు విడిచి, పెరటిలో వేయు చిన్న కట్టడమునకు మాత్రము కొలతలు నిర్ణయించి నమోదుతో సరిపెట్టినచో, దొంగచాటుగా కట్టువారు చాలమంది వెలుతురులోనికి వచ్చెదరు.

అంతమాత్రమున నియమములే వలదని నేననుట లేదు. మన ఊళ్లలో అద్దెకిచ్చు రేకుల గదులు కొన్ని చూచితిని. ఒకే తలుపు, కిటికీ లేదు, లోపల ఎనిమిదిమంది వంతులవారీగా నిద్రింతురు, తలవైపున గ్యాసుబండ. నిప్పంటుకొన్నచో బయటపడు దారి యేది? పశువుల కొట్టమునకైన గాలి ఆడునట్లు కట్టవలెనని చెప్పుచుంటిమే! గదికి ఎదురెదురు కిటికీలు, వంటకు వేరు చోటు, బాటకు పోవుటకు మనిషి పట్టు సందు — ఇవి సర్కారు అడిగినను అడుగకున్నను విడువరానివి.

నీటి సంగతి మరింత ముఖ్యము. మన ప్రాంతమున నక్కవాగు పొడవున కర్మాగారముల మురుగు చేరి బావులు చెడిన కథ ఇంకను మరపునకు రాలేదు; 1990లో అది సుప్రీంకోర్టు వరకు పోయినది. దానికి మనము కారకులము కాము. కాని పెరటిలో నలుగురు అద్దెవారిని పెట్టి, చేదబావి ప్రక్కనే మరుగుదొడ్డి గుంట త్రవ్వినచో ఆ చెరుపునకు మనమే కర్తలము. ఇంకుడు గుంటకును త్రాగునీటి బావికిని కనీసము 18 మీటర్లు, అనగా 60 అడుగులు, దూరముండవలెనని భారతీయ ప్రమాణ సంస్థ నిర్ణయము. 180 గజముల స్థలములో 60 అడుగులు దొరకుట దుర్లభము. అట్లైనచో ఆ బావినీరు త్రాగుట మాని కుళాయినీరు వాడుడు. లేదా మురుగుకాలువ ఉన్న వీథియైనచో గుంటయే వలదు. పొరుగువాని బోరును గూడ కొలతలో చేర్చుకొనవలెను. మన గోడ కవతల నున్నంత మాత్రమున మురుగు అచ్చట ఆగదు.

విద్యుత్తు మీటరు విషయము చిన్నదే గాని డబ్బుతో కూడినది. ఇద్దరు కుటుంబీకులు ఒకే మీటరుపై కాల్చినచో యూనిట్లు పెరిగి హెచ్చు రేటు తరగతిలోనికి పోవును. 2024 మార్చి నుండి గృహజ్యోతి క్రింద అర్హులైన వారికి 200 యూనిట్ల వరకు బిల్లు లేదు; అద్దెవారి వాడకము కలిసి 200 దాటిన నెల ఆ లాభము పోవును. రెండవ మీటరు కావలెనన్న ఇంటి కాగితములు అడుగుదురు. బ్యాంకు అప్పునకును అదే అడ్డు. అనుమతి కాగితము లేని గదిని చూపి గృహఋణ మడిగిన ఇచ్చు బ్యాంకు అరుదు. అప్పుడు రైతు నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి పోవును. సహకార సంఘము ఏర్పడినది ఆ బాధ తప్పించుటకే గదా.

ఏ కార్యాలయమునకు పోవలెనో ముందుగ తెలిసికొనుడు. మన సరిహద్దులు తరచు మారుచున్నవి. పటాన్‌చెరువు 2007లో హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిసినది. అమీనుపూరు, తెల్లాపూరు, బొల్లారము 2018లో పురపాలకములైనవి. పంచాయతి గ్రామమైనచో 2018 నాటి పంచాయతిరాజ్ చట్టము ప్రకారము గ్రామపంచాయతి అనుమతి పొందవలెను. కార్యదర్శి నోటిమాటతో తృప్తిపడక రసీదు తీసికొనుడు. సర్వే నంబరు గల చేనిలో ఇల్లు కట్టుట వేరు సంగతి: 2006 నాటి చట్టము ప్రకారము ఆ భూమిని మొదట వ్యవసాయేతరముగా మార్పించుకొనవలెను. చెరువు శిఖములో మాత్రము ఎంత చవకగా వచ్చినను గజమైన కొనరాదు. పది హెక్టారులు మించిన చెరువునకు పూర్తి నీటిమట్టపు హద్దు నుండి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు విడువవలెనని నియమము. 2024 సెప్టెంబరులో అమీనుపూరు ప్రాంతమున హైడ్రా వారు కూల్చిన కట్టడములను మనమందరము చూచితిమి.

కడపట నా వృత్తికి చెందిన మాట యొకటి. మన తాలూకాలో నల్లరేగడియు ఎఱ్ఱచెలకయు ప్రక్కప్రక్కనే యుండును. ఈ రెండు నేలలును ఒకేచోట దొరకుట ఇక్రిశాట్‌కు అక్కరకు వచ్చినది. ఎఱ్ఱనేలపై గది వేయువానికి చింత తక్కువ. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు నెఱ్రెలు విచ్చును. ఆ నెఱ్రెలో కఱ్ఱ దించి చూచిన ఎంత లోతు పోవునో అంతవరకు నేల కదలుచుండునని తెలిసికొనుడు. రెండడుగుల పునాదిపై కట్టిన గది రెండవ వేసవికే మూలల పగులును. పునాది ఆ కదలు పొరను దాటి పోవలెను. రేగడి మిక్కిలి లోతుగ నున్నచోట సుమారు మూడున్నర మీటర్ల లోతున అడుగున ఉబ్బు గల కాంక్రీటు స్తంభములు దించు పద్ధతిని ఇంజనీర్లు చెప్పుదురు. క్రొత్త గోడను పాత మిద్దె గోడతో కలిపి కట్టనీయకుడు. పాతది ఏండ్ల తరబడి దిగి కుదిరినది, క్రొత్త దింకను దిగవలసి యున్నది. నడుమ అంగుళము సందు విడిచి, పైన రేకుపట్టీ కప్పించుడు. ఖర్చు మిగులునని మేస్త్రీ ఒకే గోడ చాలుననును. గోడ పగిలిన యేట మరల పని యతనికే దొరకును.