పాత ల్యాండ్ క్రూజర్ కొంటున్నారా? ముందు బండి కింద చూడండి

రోడ్డు మీద పాత ల్యాండ్ క్రూజర్ ఒకటి పోతుంటే చాలు, మనలో కొందరికి మెడ దానంతటదే అటు తిరుగుతుంది. ఊళ్లో ఎలక్షన్ల జీపు ఆగితే, డ్రైవరు బానెట్ ఎత్తితే చుట్టూ మూగిన పిల్లలమే కదా మనం! ఆ పిల్లలే ఇప్పుడు షార్జాలో, అజ్మాన్‌లో, అబుదాబిలో సైట్ల మీద ఉన్నారు. నేను చదివింది డిప్లొమా, చేసేది బిల్డింగ్ సైట్లో సూపర్‌వైజర్ పని. సెలవు రోజు స్పానర్లు పట్టుకోవడం నా సరదా. నాలుగేళ్ల కిందట 60 సిరీస్ ల్యాండ్ క్రూజర్ కొన్నాను. అప్పట్నుంచి "అన్నా, నాకూ ఒకటి చూసిపెట్టవా" అనే తమ్ముళ్లు ఎక్కువయ్యారు. వాళ్లకి నోటితో చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఏ బండి మంచిది?

టయోటా వాళ్లు 1951లో జీపు లాంటి బండి ఒకటి తయారుచేసి, దాన్ని జపాన్‌లో ఫ్యూజీ పర్వతం మీద ఆరో మజిలీ దాకా ఎక్కించారు. 1954లో దానికి ల్యాండ్ క్రూజర్ అని పేరు పెట్టారు. గుండ్రటి లైట్లతో అందరికీ గుర్తుండే 40 సిరీస్ 1960 నుంచి 1984 దాకా వచ్చింది. దానికి మోజు ఎక్కువ, రేటూ ఎక్కువే. 1980 నుంచి 1990 దాకా వచ్చిన 60 సిరీస్ పొడుగాటి బండి, కమాన్ పట్టీల సస్పెన్షన్. గతుకుల్లో నడుము కదిలిపోతుంది గానీ బరువుకి బెదరదు. కాస్త మెత్తగా పోవాలంటే 1987లో వచ్చిన నిస్సాన్ పెట్రోల్ వై60 చూడొచ్చు. దానికి నాలుగు చక్రాలకీ కాయిల్ స్ప్రింగులే.

నా బండిది 3ఎఫ్ ఇంజను. 4 లీటర్లు, వరసగా ఆరు సిలిండర్లు, కార్బురేటర్. కంప్యూటర్ లేదు. స్పార్క్ రాకపోతే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి చూస్తాం, పెట్రోల్ రాకపోతే పైపు పీకి చూస్తాం. నేర్చుకునే వాడికి ఇంతకన్నా మంచి బడి దొరకదు.

లప్పం కింద ఏముంది?

బిల్డింగ్ పని చేసే మనకి ఈ మాట చెప్పక్కర్లేదు. పగిలిన గోడకి లప్పం పెట్టి రెండు కోట్లు పెయింటేస్తే కొత్త గోడలాగే కనిపిస్తుంది. పాత బండీ అంతే. ఎడారి కదా, తుప్పెక్కడ పడుతుంది అనుకోవద్దు. సముద్రం పక్కన గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. సబ్ఖా అనే ఉప్పు నేలల్లో తిరిగిన బండి అయితే ఆ బురద ఛాసిస్ లోపల పేరుకుని, లోపల్నుంచి ఇనుముని తినేస్తుంది.

అందుకని బండి దగ్గరికి పోతే ముందు రంగు చూడకండి. ఒక చాప, ఒక టార్చి, చిన్న సుత్తి పట్టుకెళ్లండి. ఓనర్ని అడిగి, బండి కింద పడుకుని ఛాసిస్ పొడుగునా మెల్లగా కొట్టుకుంటూ రండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తిన్న ఇనుము బొద్దుగా మోగుతుంది. కమాన్ పట్టీలు తగిలించిన చోట, స్టీరింగ్ బాక్స్ బిగించిన చోట పగుళ్లున్నాయేమో చూడండి. తర్వాత బాడీకి పలచని గుడ్డ చుట్టిన అయస్కాంతం ఆనించండి. పుట్టీ దండిగా పూసిన చోట అది పట్టుకోదు. నేను చూసిన మొదటి బండి అద్దంలా మెరిసింది. పైకప్పు అంచున అయస్కాంతం జారిపోయింది. ఓనర్‌కి షుక్రన్ చెప్పి వచ్చేశాను.

ఇంజను పోతే దించుకోవచ్చు, బోరు చేయించుకోవచ్చు, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో వెతికి ఇంకోటి తెచ్చుకోవచ్చు. ఛాసిస్ పుచ్చిపోతే పునాదిలో కాలమ్ పోయినట్టే. పైన ఎన్ని టైల్స్ వేసి ఏం లాభం?

ఇంజను చల్లగా ఉండాలి

"నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ఫోన్లోనే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి తిరిగి రండి. చల్లటి ఇంజను స్టార్ట్ అయ్యే తీరే దాని అసలు జాతకం.

పొగ నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. నల్లగా వస్తే పెట్రోల్ ఎక్కువవుతోంది, అది కార్బురేటర్ సర్దితే పోవచ్చు. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోండి. ఆయిల్ మూత లోపల పాలు కలిపిన చాయ్ రంగులో నురగ ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తున్నాయేమో. కంప్రెషన్ గేజి ఉంటే ఆరు సిలిండర్లూ చూడండి. ఆరూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఐదు బాగుండి ఒకటి బాగా పడిపోతే ఆ ఒక్కదాని కోసమే హెడ్ విప్పాల్సి రావచ్చు.

ముందు చక్రాల వెనక గుండ్రటి నకల్ ఉంటుంది. అక్కడ గ్రీజు, ఆయిల్ కలిసి కారుతుంటే లోపల సీళ్లు పోయినట్టు. ఖర్చు పెద్దది కాదు గానీ రోజంతా పని. దాన్ని చూపించి రేటు తగ్గించమనండి. ఫోర్ వీల్ వేసి చూడాలంటే ఇసుకలోనే చూడండి. ఇలాంటి బండ్లలో మధ్య డిఫరెన్షియల్ ఉండదు కాబట్టి గట్టి తారురోడ్డు మీద ఫోర్ వీల్లో మలుపులు తిప్పితే గేర్లు బిగుసుకుంటాయి.

టైరు మీద నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాట్లు ఎంత లోతున్నా, ఈ ఎండల్లో ఐదేళ్లు దాటిన టైరుని నమ్మి హైవే ఎక్కకండి.

కాగితాలు, డబ్బు

ఛాసిస్ మీద కొట్టిన నంబరు, ముల్కియాలో నంబరు అక్షరం అక్షరం కలవాలి. ఇంజను మార్చారా, రంగు మార్చారా, ఆ సంగతి ముల్కియాలో ఎక్కిందా అడగండి. బ్యాంకు లోన్, జరిమానాలు తీరాకే, పాసింగ్ అయ్యాకే పూర్తి డబ్బు ఇవ్వండి.

రూంలో ముగ్గురు కలిసి కొందామనుకుంటే ఇంకో జాగ్రత్త. ముల్కియా ఒక్కరి పేరు మీదే ఉంటుంది. ఆ ఒక్కరి వీసా క్యాన్సిల్ అయితే బండి ఎవరిది, ఎవరు ఎంత ఇవ్వాలి? కొనకముందే కాగితం మీద రాసుకుంటే స్నేహం మిగులుతుంది.

బండి మాట ఎత్తగానే మా ఆవిడ ఒక్కటే అడిగింది, "స్లాబు డబ్బులు ఆగవు కదండీ?" అని. ఆ ఏడాది ఊళ్లో ఇంటికి స్లాబు పడాలి. "పడ్డాకే కొంటాను" అన్నాను. స్లాబు పడింది, ఫొటో వచ్చింది, ఆ తర్వాత ఎనిమిది నెలలు దాచుకుని కొన్నాను. అప్పు చేసి, ఇంటికి పంపే డబ్బు ఆపి కొనే బండి కాదిది. చేతిలో పది రూపాయలుంటే ఆరుతో బండి కొనండి, నాలుగు రిపేరుకి ఉంచండి. పెట్రోల్ కూడా లెక్కేసుకోండి. నా బండి లీటరుకి ఆరు కిలోమీటర్లు ఇచ్చిందంటే ఆ రోజు పండగే. 2015 ఆగస్టు నుంచి ఇక్కడ పెట్రోల్ రేటు నెలనెలా మారుతోంది.

"ఇంటికి తీసుకుపోవచ్చా అన్నా?" అని అందరూ అడుగుతారు. మూడేళ్లు దాటిన సెకండ్ హ్యాండ్ బండిని మామూలుగా మన దేశంలోకి రానివ్వరు. పైగా స్టీరింగ్ కుడివైపు ఉండాలి. కాబట్టి వెళ్లేటప్పుడు అమ్మేసి పోవాల్సిన బండి అనుకునే డబ్బు పెట్టండి.

ప్రాణం ముందు

సైట్లో హెల్మెట్ లేనివాణ్ని మందలించే మనమే సెలవు రోజు ఒట్టి జాకీ మీద లేపిన బండి కిందికి దూరిపోతుంటాం. జాకీ జారితే రెండు టన్నుల బండి మీదే పడుతుంది. జత జాక్ స్టాండ్లు కొనండి. సైట్లో ఊరికే దొరుకుతాయని హాలో బ్లాకులు మాత్రం పెట్టొద్దు. గోడలో వరసగా ఉన్నప్పుడు మోస్తాయి గానీ, ఒక మూల మీద బరువు పడితే ఒక్కసారిగా పిండైపోతాయి. క్యాంపు పార్కింగులో, రోడ్డు పక్కన ఇంజను విప్పితే జరిమానా పడొచ్చు. తెలిసిన ఉస్తాద్ గ్యారేజీలో ఓ మూల అడగండి. ఇక జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు బయట ఎండలో పనే చేయించకూడదని ఇక్కడి రూలు. జీతమిచ్చే పనికే లేని ఎండ దెబ్బ సరదా పనికి ఎందుకు?

ఈ నాలుగేళ్లలో కార్బురేటర్ మూడుసార్లు విప్పాను, ముందు నకల్ సీళ్లు రెండు పక్కలా మార్చాను, క్లచ్ ప్లేటు ఉస్తాద్ పక్కన నిలబడి వేశాను. కాలేజీలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్న గేర్‌బాక్సుని చేత్తో పట్టుకుంది ఈ బండి వల్లే. రేపు ఊరికి పోయేటప్పుడు బండి ఇక్కడే ఉండిపోతుంది. పని మాత్రం ఇంటికి వస్తుంది, దానికి కస్టమ్స్ లేదు.