కోత లేకుండా బరువు తగ్గించే వైద్యం

ఊబకాయం కలవారి జబ్బనే మాట మన ఇళ్లలో ఇంకా పోలేదు. తిండికి కరువు చూసిన ఇళ్లు మనవి. ఎవరైనా ఒళ్లు చేస్తే "ఇప్పటికి తేరుకున్నాడు" అని సంతోషిస్తాం. కానీ షుగరుతో, మోకాళ్ల నొప్పులతో పెద్దాసుపత్రి ఓపీలో చీటీ పట్టుకుని కూర్చున్నవాళ్లలో మన అమ్మానాన్నలూ ఉన్నారు. "బరువు తగ్గమ్మా" అని డాక్టరుగారు అంటే, ఎలాగో తెలియక ఇంటికొస్తారు. అందుకే ఆపరేషన్ లేకుండా ఈ వైద్యం ఎలా చేస్తారో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలనుకున్నాం.

కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. 2004లో పుణె వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ కలిసి దిగిన ఫొటోను లాన్సెట్ పత్రిక వేసింది. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! సన్నగా కనబడే మనలోనూ కొవ్వు దాగి ఉంటుందన్నమాట. అందువల్ల మన దేశంలో బీఎంఐ 23 చేరితే అధిక బరువు, 25 చేరితే ఊబకాయం అని లెక్కవేస్తారు. టేపుతో నడుము కూడా కొలుస్తారు. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు హద్దు.

ఈ వైద్యంలో సగం పని ప్రశ్నలతోనే. ఎప్పటినుంచి పెరిగారు, రాత్రి గురక వస్తుందా, ఏ మందులు వాడుతున్నారు అని అడుగుతారు. స్టెరాయిడ్లు, ఇన్సులిన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు బరువు పెంచుతాయి. థైరాయిడ్, షుగరు పరీక్షలూ చేయిస్తారు.

80 కిలోల మనిషిని మొదట తగ్గమనేది 4 నుంచి 8 కిలోలే. అంతమాత్రానికే లాభం ఉంది. షుగరు అంచున ఉన్నవారిపై అమెరికాలో జరిగిన పరిశోధన 2002లో వెలువడింది. 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్నవారిలో షుగరు వ్యాధి రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్రతో తగ్గింది 31 శాతమే.

కంచం నిండా అన్నం, పైన పలుచటి చారు... మన భోజనం తెలిసిందేగా! అన్నం తగ్గించి ఆ చోటును పప్పు, గుడ్డు, ఆకుకూరలతో నింపమంటారు. టీతో సహా తిన్నదంతా నోటుబుక్కులో రాయిస్తారు.

అసలు చిక్కు తర్వాత మొదలవుతుంది. బరువు తగ్గగానే శరీరం కరువొచ్చిందనుకుంటుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, ఆకలిని అదుపులో ఉంచే లెప్టిన్ తగ్గుతుంది. అందుకే నెలనెలా రమ్మంటారు. తిరిగి లావైనవారిని "నోరు కట్టుకోలేదు" అనడం అన్యాయమని మా అభిప్రాయం.

ఇవి చాలనప్పుడు మందులు. ఆర్లిస్టాట్ మాత్ర, తిన్న కొవ్వులో దాదాపు మూడో వంతు ఒంటికి పట్టకుండా చేస్తుంది. సెమాగ్లుటైడ్ వారానికొక సూది, ఆకలిని తగ్గిస్తుంది. 2021 నాటి పరిశోధనలో 68 వారాలకు సగటున 15 శాతం దాకా బరువు తగ్గింది. మానేసిన ఏడాదిలో అందులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది! ఇదే కోవకు చెందిన టిర్జెపటైడ్ 2025లో మన దేశానికి వచ్చినప్పుడు తొలి మోతాదే నెలకు 14 వేల రూపాయలు. కూలి ఇంటికి అందే ధరా అది?

అలాగని గోడల మీది "పదిరోజుల్లో పదికిలోలు" ప్రకటనలు నమ్మవద్దు. సిబుట్రమిన్ అనే బరువు మాత్రను గుండెకు ముప్పని 2011లో మన దేశంలో నిషేధించారు. ప్రభుత్వాసుపత్రిలో జనరల్ మెడిసిన్ ఓపీకి వెళ్లండి. వెళ్లేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రల అట్టలు సంచిలో వేసుకోవడం మరచిపోకండి.